ఐదింటిలోపు అభ్యంతరం రాకపోతే

అమెరికా విదేశాంగ విధానాన్ని నేను మొదట రుచి చూసింది మా ఊరి మునిసిపల్ స్కూల్లో. మధ్యాహ్నం గంట కొట్టగానే వరండాలో వరుసగా కూర్చునేవాళ్లం. ఆయమ్మ పెద్ద గరిటెతో పసుపుపచ్చటి ఉప్మా వడ్డించేది. మొక్కజొన్న రవ్వ, ఏదో వాసన వేసే నూనె, అదృష్టం బాగుంటే ఒక ఉల్లిపాయ ముక్క. రవ్వ గోతాల మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. అందరం దాన్ని అమెరికా ఉప్మా అనేవాళ్లం. అందులో పురుగులుండేవని నా ఈడువాళ్లు ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటారు. ఉండేవి. పక్కకి తీసేసి తినేవాళ్లం, మారు అడిగేవాళ్లం.

అది ఎందుకొచ్చిందో మాకెవరూ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత ఎఫ్-1 వీసా మీద వచ్చి, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక యూనివర్సిటీలో వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదువుతున్నప్పుడు, ఒక ప్రొఫెసర్ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఇక్కడి రైతులు పండించింది ఇక్కడివాళ్లు తినగలిగినదానికన్నా ఎక్కువ. అంతా బజార్లో పెడితే ధర పడిపోతుంది, రైతు ఓటు పోతుంది. అందుకని ఆకలి ఉన్న దేశాలకి పంపడం మొదలుపెట్టారు, ఆ దేశాలు అవతలి జట్టులోకి పోకుండా కూడా చూసుకోవచ్చని. నేను పుట్టకముందు మన దేశంలో వానలు పడని ఏళ్లలో, అప్పటి అధ్యక్షుడొకాయన గోధుమ ఓడల్ని ఒక్కొక్కటిగా తన చేతి మీదుగానే వదిలేవాడట. ఆయన చేస్తున్న యుద్ధాన్ని మనవాళ్లు తప్పుపట్టారన్న కోపం కూడా అందుకొక కారణమంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. పెట్టేదేదో మంచి మనసుతో పెట్టొచ్చు కదా అనుకున్నాను. కానీ పెట్టినవాడి ఉద్దేశం ఏదైనా తిన్న ఒళ్లు నాదే కదా. ఆ కోపమూ ఆ కృతజ్ఞతా రెండూ నాలో ఈ రోజుకీ పక్కపక్కనే ఉన్నాయి.

సిటిజన్ అయిన తర్వాత, పిల్ల స్కూల్లో పడిన తర్వాత, వాషింగ్టన్‌లో విదేశీ సాయం చూసే ఒక ప్రభుత్వ ఆఫీసులో చేరాను. మావాళ్లందరూ వర్జీనియాలో డేటా సెంటర్ల చుట్టూ, బ్యాంకుల చుట్టూ స్థిరపడితే నేనొక్కదాన్నే పొద్దున్నే మెట్రో ఎక్కి ఊళ్లోకి పోయేదాన్ని. జీతం మా ఆయన జీతంలో సగం ఉండేది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆయన ఎగతాళి చేసేవాడు. నిజానికి ఆ ఉద్యోగం అంటే నాకు పిచ్చి. ఏ ఓడ ఏ రేవులో ఉంది, ఏ గోదాములో ఎంత సరుకుంది, వానలు లేని జిల్లాకి అది చేరడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఇదీ నా పని.

మా డెస్క్ ఒక దేశానిది. ఆ దేశం పేరు రాయను. అక్కడ కరువూ యుద్ధమూ వంతులేసుకుని వస్తుంటాయని చెబితే చాలు. డెస్క్‌లో ఇద్దరమే. నేను, నా పైన ఒక పెద్దాయన. అరవై దాటిన అమెరికన్, పొడుగాటి మనిషి, ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకునేవారు. ఇరవయ్యేళ్ల వయసులో వాలంటీరుగా ఆ దేశం వెళ్లి, కరువు శిబిరంలో ఎండిపోయిన పసిపిల్లల్ని గుడారం నుంచి గుడారానికి మోసిన మనిషి. వాళ్ల బరువు ఎంతుండేదో చేతులతో చూపించేవారు. ఒక రొట్టె బరువు ఉన్నంత, అనేవారు. ఆ శిబిరంలోనే ఆయనకి ఒక నర్సు పరిచయమైంది. అప్పుడామె కొత్తగా చదువు ముగించిన పిల్ల. తర్వాత ఈయన ప్రభుత్వంలో చేరి పైకొచ్చాక, ఆమె నడిపే చోటికి, అలాంటివే మరికొన్నిటికి నిధులు వచ్చేలా చేశారు. తిండి సరిగా లేక చావు అంచున ఉన్న పిల్లల్ని బతికించే కేంద్రాలు అవి. వేరుశనగ ముద్ద పొట్లాలు పంపేవాళ్లం. తల్లి పొట్లం మూల చింపి బిడ్డ నోట్లో పెడితే బిడ్డ చీక్కుంటుంది. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు. రెండు నెలలు తిరక్కుండా బిడ్డ ఒళ్లు చేస్తుంది.

వారానికొకసారి ఆ నర్సమ్మ వీడియోలో కనపడేది. ఆయన్ని సర్ అనేది, నన్ను మేడమ్ అనేది. మాటలకంటే ముందు ఫోన్ తిప్పి పిల్లల్ని చూపించేది. కిందటి వారం కళ్లు తెరవని పిల్ల ఈ వారం ఏడుస్తుంటే, చూడండి సర్, కోపం వచ్చింది దీనికి, అని మురిసిపోయేది. ఆ కేంద్రాలు నడుస్తూ ఉండాలి, ఆయన రిటైరైన తర్వాత కూడా. ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే. ఆ మాట నాతో చాలాసార్లు అన్నారు.

చేరిన కొత్తలో నేను విధానం అంటే పెద్దవాళ్లు ఉపన్యాసాల్లో చెప్పేది అనుకునేదాన్ని. ఆయన నవ్వి, విధానమంటే శుక్రవారం మధ్యాహ్నం కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్లది అన్నారు. మొదట అర్థం కాలేదు. పోనుపోను అర్థమైంది. ఏ నిర్ణయమైనా ముందు ఒక కాగితంగా పుడుతుంది. ఆ కాగితం బిల్డింగంతా తిరగాలి. సంబంధం ఉన్న ప్రతి ఆఫీసూ సరే అనాలి. లాయర్లు సరే అనాలి, లెక్కలవాళ్లు సరే అనాలి, పక్క దేశం డెస్క్‌వాళ్లు సరే అనాలి. దాన్ని క్లియరెన్స్ అంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనకొక సామెత. అక్కడ పూజారులు ప్రతి అంతస్తులోనూ ఉండేవారు.

అందరూ నోరు విప్పి సరే అనేదాకా కూర్చుంటే ఏ పనీ జరగదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. కాగితం పంపేటప్పుడు పైన ఒక వాక్యం రాస్తారు: ఐదింటిలోపు అభ్యంతరం రాకపోతే అంగీకరించినట్టే. మనవాళ్లు మౌనం అర్ధాంగీకారం అన్నారు. ఆ బిల్డింగులో అది పూర్తి అంగీకారం.

ఈ పద్ధతిలో మా పెద్దాయన చెయ్యి తిరిగిన మనిషి. థాంక్స్ గివింగ్ పండగ ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి కాగితం పంపేవారు. అడ్డం చెప్పేవాళ్లంతా ఆ వేళకి ఎయిర్‌పోర్టుల్లో చెప్పులు విప్పుతూ ఉంటారు. ఐదయ్యేసరికి ఎవరూ కాదనలేదు గనక అందరూ ఔనన్నట్టే. ఆ పిల్లల కేంద్రాలకి మొదటి నిధులు అలాగే సంపాదించారట. ఏటా కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పమని ఆయన్నే పిలిచేవారు. ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించేవారు. నేనూ నవ్వాను. మంచి పని కోసం చేసే మాయ మాయ కాదని నాకూ అనిపించింది.

కిందటి శరదృతువులో ఆయన భార్యకి జబ్బు బయటపడింది. ఆవిడ స్కూలు టీచరుగా చేసి మానేసిన మనిషి. నర్సమ్మ దగ్గరికి వచ్చే పసిపిల్లలకి ఉన్ని టోపీలు అల్లి, పెద్దాయన అక్కడికి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో ఆయన బట్టలకి చోటుండదని నాతో నవ్వుతూ చెప్పేది. డాక్టర్లు ఏడాది అన్నారు. ఆవిడ అంతవరకూ లేదు.

ఆవిడ మంచం పట్టిన రోజుల్లోనే ఇక్కడ ప్రభుత్వం మారింది. విదేశీ సాయం మొత్తం ఆపెయ్యమని పైనుంచి ఆదేశం వచ్చింది. ప్రాణం కాపాడేవి మాత్రం మినహాయింపు, కానీ ఏవి ప్రాణం కాపాడేవో ఒక కాగితంలో తేల్చాలన్నారు. ఆ కాగితంలో లేనిదేదీ మిగలదు. పెద్దాయన మా కేంద్రాల గురించి ఒక పేరా రాసి అందులో పెట్టించారు. మర్నాటికి ఎవరో తీసేశారు. ఈయన మళ్లీ పెట్టారు. పోషకాహారం అంటే అభివృద్ధి పని, ప్రాణం కాపాడే పని కాదు అని ఒక ఆఫీసు అంటుంది. ఈయన డాక్టర్ల మాటలు జతచేసి మళ్లీ పంపుతారు. పగలు ఆఫీసులో ఈ యుద్ధం, సాయంత్రం ఆస్పత్రిలో భార్య పక్కన. మనిషి సగమైపోయారు. ఇంటికెళ్లి కొంచెం పడుకోండి అంటే, కాగితం మళ్లీ ఎప్పుడు తిరుగుతుందో తెలియదు, నేను లేనప్పుడు తిరిగితే ఎట్లా, అనేవారు. ఆయన స్థాయి వాళ్ల పేర్లకే కాగితం వచ్చేది. నా పేరు ఆ వరుసలో ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక శనివారం తెలిసినవాళ్ల పిల్లాడి పుట్టినరోజుకి వెళ్లాం. బేస్‌మెంట్‌లో పిల్లలు గోల, పైన కిచెన్‌లో పెద్దవాళ్లు పకోడీలూ వార్తలూ. మా ఆయన స్నేహితుడొకతను, నన్ను అక్కా అని పిలిచే మనిషి, మీ ఆఫీసు మూసేస్తున్నారట కదా అని ఎత్తుకున్నాడు.

"మన టాక్స్ పైసలు తీస్కపోయి ఎవరికో ఎందుకు పెట్టాలె అక్కా? మంచిగనే అయింది."

నాకు నోరు ఆగదు. నువ్వు చిన్నప్పుడు బళ్లో అమెరికా ఉప్మా తిన్నావా తమ్ముడూ అని అడిగాను. తిన్నానన్నాడు. మరి అది ఎవరి టాక్స్ పైసలు అన్నాను. అతను నవ్వేసి ఇంకో పకోడీ తీసుకున్నాడు. తిరిగి వస్తుంటే కార్‌లో మా ఆయన విసుక్కున్నాడు, పార్టీకొచ్చి ఎవరితోనైనా గొడవ పెట్టుకోకపోతే నీకు తిన్నది అరగదా అని. ఆ తమ్ముడు చెడ్డవాడు కాదు. కోవిడ్‌లో మా ఇంటి గుమ్మంలో సరుకులు పెట్టి వెళ్లింది అతనే. అందుకే ఎక్కువ బాధ కలిగింది.

పెద్దాయన భార్య ఆ తర్వాతి మంగళవారం పోయింది. అంత్యక్రియలు శుక్రవారం మధ్యాహ్నం పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ మనిషికి అదే అయింది. పొయ్యి వెలిగించని ఇంటికి వండి పంపడం మన దగ్గరా ఉంది, ఇక్కడా ఉంది. నేను పెరుగన్నం కలిపి తీసుకెళ్లాను. ఆవిడ మా ఇంటికొచ్చినప్పుడు ఇష్టంగా తిన్నది అదే. చర్చిలో ఆయన ముందు వరసలో ఒక్కరే కూర్చున్నారు. పిల్లలు లేరు వాళ్లకి. మెడ వెనకాల స్వెటర్ లేబుల్ బయటికి వచ్చి ఉంది. సరిచేసే మనిషి లేదు కదా అనుకుంటే నాకు ఏడుపు ఆగలేదు. ప్రార్థనకి ముందు అందరం ఫోన్లు ఆఫ్ చేశాం. ఆయనా చేశారు. స్మశానం నుంచి వాళ్లింటికి వెళ్లి అందరూ కాస్త తిని లేచేసరికి చీకటి పడింది. చావింట్లో వెళ్లొస్తానని చెప్పకూడదన్న అలవాటు నాకు పోలేదు. చెప్పకుండానే వచ్చేశాను.

సోమవారం నేను ముందుగా ఆఫీసుకి వెళ్లాను. కాగితం చివరి ప్రతి అందరికీ పంపినట్టే నాకూ వచ్చి ఉంది. తెరిచి మా పేరా కోసం చూశాను. లేదు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాను. లేదు. చివర్లో ఆఫీసుల వరస ఉంది. మా డెస్క్ ఎదురుగా, ఆయన పేరుతో, అభ్యంతరం లేదు అని ఉంది. శుక్రవారం మూడింటికి పంపారు. ఐదింటిదాకా గడువు ఇచ్చారు. ఆ వేళకి ఆయన భార్య పెట్టె మీద మట్టి వేస్తున్నారు.

ఆయన వారంపాటు రారనుకున్నాను. తొమ్మిదింటికే వచ్చారు. ఇంట్లో ఉండలేకపోయానన్నారు. ఎలా చెప్పాలో తెలియక స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. నిలబడే చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. కోపం రాలేదు ఆ మొహంలో. వచ్చి ఉంటే బాగుండేది.

ఇద్దరం పై అంతస్తుకి వెళ్లాం. ఆ కాగితం పంపిన అధికారి ముప్పై అయిదేళ్ల మనిషి. ఒకప్పుడు కొత్తగా చేరినప్పుడు ఆయన పాఠం విన్నవాళ్లలో ఆమె ఒకతె. మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. మీ ఇంట్లో జరిగినదానికి చాలా బాధపడుతున్నానంది. నిజంగానే బాధపడింది, అది మొహంలో కనపడింది. తనకి అంత్యక్రియల సంగతి తెలియదని, శుక్రవారమే ముగించమని పైనుంచి ఒత్తిడి ఉందని చెప్పింది. చివరికి ఆమె టేబుల్ వైపు చూస్తూ అంది:

"ఎవరూ ఖాళీగా లేని మధ్యాహ్నం చూసి పంపమని మీరే కదా చెప్పారు మాకు."

దెప్పిపొడుపుగా అనలేదు. అది ఆమెకి అంతవరకూ తట్టినట్టు లేదు, అన్న తర్వాత మొహం పాలిపోయింది. ఆయన, అవును, నేనే చెప్పాను, అన్నారు. అంతే అన్నారు.

మళ్లీ ఆ పేరా చేర్చే దారి లేదా అని నేను అడిగాను. ఉందట. కాగితం మీద సంతకమైపోయింది గనక, తిరిగి తెరవాలంటే వరసలో ఉన్న ఆఫీసులన్నీ ఔనని రాసి పంపాలి. ఇక్కడ మౌనం పనికిరాదు. తీసెయ్యడానికి ఎవరూ మాట్లాడకపోతే సరిపోతుంది, కలపడానికి ప్రతి ఒక్కరూ మాట్లాడాలి. ఇన్నేళ్లు ఆ బిల్డింగులో ఉండి ఆ సంగతి పట్టించుకోలేదు నేను, అవసరం పడలేదు.

ఆయన ఆ రోజే రాసి పంపారు. వారమంతా అంతస్తులన్నీ తిరిగారు. నేనూ వెంట తిరిగాను. తలుపు తీసినవాళ్లందరూ ఆయన చెయ్యి పట్టుకుని ఓదార్చారు. ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అందరూ ఆయన మాట న్యాయమేనన్నారు. ఔనని రాయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. అప్పటికే రోజూ ఉదయం కొందరి ఉద్యోగాలు పోతున్నాయి. పేరు బయటపడితే రేపు తనవంతేమోనని ప్రతివాడికీ భయం. ఇళ్లకి అప్పులున్నాయి, కాలేజీలో పిల్లలున్నారు. నాకు వాళ్ల మీద ఎంత కోపం వచ్చిందో, వాళ్లని అంత అర్థం చేసుకోగలిగాను కూడా. ఎవరూ కాదనలేదు. ఎవరూ ఔననలేదు. గడువు అయిపోయింది.

ఆ తర్వాత మా ఆఫీసుకి ఎక్కువ రోజులు మిగల్లేదు. ఆయన ఉద్యోగం ముందు పోయింది, నాది వారాల తర్వాత పోయింది. మెయిల్ వచ్చిన రోజు మా అమ్మాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఆర్ యూ ఓకే? నేను ఇంటికి రానా?" అని తనకొచ్చిన తెలుగులో అడిగింది. వద్దన్నాను. ఉద్యోగం పోయినందుకు కాదు నా ఏడుపు. జీతం కంటే ఎక్కువేదో పోయింది. దాన్ని ఏమనాలో ఇప్పటికీ నాకు సరైన మాట దొరకలేదు. ఓడలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. వేరుశనగ పొట్లాలు ఏ రేవులో ఎండలో ఆగిపోయాయో తెలుసు. చెప్పడానికి అవతల ఎవరూ లేరు, అంతే.

పెద్దాయన బ్యాడ్జి అప్పటికే పనిచెయ్యడం లేదు. ఆయన టేబుల్ మీది వస్తువులు తీసుకునేందుకు కూడా లోపలికి రానివ్వలేదు. నా చివరి రోజున నేనే వాటిని ఒక అట్టపెట్టెలో సర్ది, మర్నాడు పొద్దున వాళ్లింటికి డ్రైవ్ చేశాను. గడ్డం పెరిగి ఉంది. కిచెన్‌లో కూర్చోబెట్టి కాఫీ కలిపారు. భార్య కుర్చీలో నన్ను కూర్చోమన్నారు, నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. పెట్టె తెరవలేదు ఆయన. కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ, ఈ ఏడు గడ్డి ఎవరూ కోయలేదని చెప్పారు.

అప్పుడు ఫోన్ మోగింది. నర్సమ్మ. అక్కడ మధ్యాహ్నం అయి ఉంటుంది. ఆయన ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి నిలబెట్టారు. తెర మీద ఆమె మొహం, వెనక పెంకుల కప్పు, ఇంకా వెనక ఆరుబయట కూర్చున్న ఆడవాళ్లు. నన్ను చూసి, మేడమ్ కూడా ఉన్నారా అని సంతోషపడింది.

ముందు ఆయన భార్య గురించే మాట్లాడింది. కబురు ఆలస్యంగా తెలిసిందట. ఆవిడ టోపీలు పెట్టుకున్న పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారని, కబురు విన్న రోజు అందరం నిలబడి ఆవిడ కోసం ప్రార్థన చేశామని చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నారు. ఆమె మాటల్లో ఆఫీసు ప్రస్తావన చాలాసేపు రాలేదు. తన చోట జీతాలు ఆగాయని, డాక్టరు వెళ్లిపోయాడని నాకు తెలుసు. అవేవీ ముందు చెప్పలేదు. ఆయన దుఃఖానికి ఇవ్వాల్సినంత సమయం ఇచ్చింది ఆ తల్లి.

తర్వాత మెల్లిగా అడిగింది. ఈ కేంద్రాలు ఆపడానికి మీ ఆఫీసు కూడా ఒప్పుకుందని ఇక్కడ పెద్దవాళ్లు అంటున్నారు సర్, నేను నమ్మలేదు, వాళ్లతో పోట్లాడాను, అంది.

నేను ఉలిక్కిపడి ఆయన వైపు చూశాను. ఆయన నోరు తెరిచి, ఆ రోజు నేను, అని ఆగిపోయారు. మిగతా వాక్యం నాకు తెలుసు. ఆ రోజు నేను నా భార్యని పాతిపెడుతున్నాను. ఆ ఒక్క మాట చెబితే చాలు, ఆమె దృష్టిలో ఆయన పరువు నిలుస్తుంది. చెప్పలేదు ఆయన. ఆ పిల్లల చావుని భార్య చావు మీద వెయ్యడానికి మనసు ఒప్పలేదని నాకప్పుడు అర్థమైంది. నేను అందుకుని చెప్పబోయాను. చెయ్యి ఎత్తి నన్ను ఆపారు.

"కాగితంలో నా పేరు ఉంది," అన్నారు. "నేనిప్పుడు అక్కడ పనిచెయ్యడం లేదమ్మా. మేడమ్ కూడా."

వెనక ఎక్కడో ఒక పసిబిడ్డ నీరసంగా, ఆగి ఆగి ఏడుస్తోంది. ఏడుపు గట్టిగా ఉంటేనే మంచిదని ఆమె మాకు నేర్పింది. ఇది గట్టిగా లేదు.

చివరికి ఆమె అడగాల్సింది అడిగింది. నిన్నటి నుంచి తల్లులు వస్తున్నారు, కొందరు రాత్రంతా నడిచారు, లోపల పొట్లాలు అయిపోవచ్చాయి. ఓడ వస్తుందంటే అందర్నీ ఇక్కడే ఉంచుతాను, ఏదో ఒకటి కాచి పోస్తాను, రాదంటే వాళ్లని ఇక్కడ కూర్చోబెట్టడం పాపం, ఇంకెక్కడైనా ప్రయత్నం చేసుకుంటారు. ఇప్పుడు నేను వాళ్లకి ఏం చెప్పాలి సర్, అంది.

ఆయన నా వైపు చూశారు. ఓడ సంగతి చెప్పాల్సింది నేను. లేదన్నట్టు తల ఊపాను. నా జీవితంలో అంత బరువైన పని ఇంకోటి చెయ్యలేదు. ఆయన రెండు చేతులూ టేబుల్ మీద పెట్టారు. ఏ పిల్లల కోసం నలభై ఏళ్లు ఒక్క ముక్క వదలకుండా కాగితాల్లో పోరాడారో, ఆ పిల్లల గురించి ఆ మాట ఆయన నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"ఓడ రాదమ్మా. వాళ్లని పంపించెయ్యండి."

ఆమె కళ్లు తుడుచుకుంది. వెనక్కి తిరిగి ఆరుబయట కూర్చున్నవాళ్లని ఒకసారి చూసింది. మళ్లీ మా వైపు తిరిగినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"సరే సర్. ఈ పూటకి ఉన్నది పెట్టేసి, అప్పుడు చెబుతాను."

ఫోన్ ఆమే పెట్టేసింది.